ఆటగాళ్లను చూసి కట్టిన ఆటే నిలుస్తుంది

సంపాదకులకు నమస్కారం.

పెద్ద ఫుట్‌బాల్ మ్యాచ్ ముగిసిన మర్నాడు పత్రికల్లో వచ్చే విశ్లేషణలు దాదాపు ఒకే దారిలో నడుస్తున్నాయి. గెలిస్తే గోల్ కొట్టినవాడి ప్రతిభ, ఓడితే కోచ్ చేతకానితనం. జట్టును గెలిపించేది కోచా, ఆటగాళ్లా అన్న వాదన కూడా తరచూ లేస్తోంది. ఆ ప్రశ్న వేయడంలోనే పొరపాటు ఉంది. కోచ్ ఎంచుకున్న ఆట తీరు, అతని దగ్గరున్న ఆటగాళ్లు నిజంగా చేయగలిగిన పని ఎక్కడ కలిశాయో, ఎక్కడ తేడా కొట్టిందో చూడకుండా ఏ ఫలితాన్నీ వివరించలేం.

ఫ్రాన్స్ క్లబ్ పారిస్ సెయింట్ జెర్మెయిన్ సంగతే చూడండి. 2022-23లో మెస్సి, నేమార్, ఎంబాపె ముగ్గురూ ఆ జట్టులోనే ఉన్నారు. అయినా యూరప్ క్లబ్‌ల టోర్నీ ఛాంపియన్స్ లీగ్ ప్రీక్వార్టర్స్‌లో బయర్న్ మ్యూనిక్ చేతిలో రెండు మ్యాచ్‌లూ ఓడి, ఒక్క గోల్ కూడా కొట్టకుండా వెనుదిరిగింది. 2024 వేసవికల్లా ముగ్గురూ వెళ్లిపోయారు. 2025 మే 31న జరిగిన ఫైనల్‌లో అదే క్లబ్ ఇంటర్ మిలాన్‌ను 5-0తో చిత్తు చేసి తొలిసారి ఆ కప్పు అందుకుంది. స్టార్లు అక్కర్లేదు, కోచ్ ఉంటే చాలని దీన్నుంచి తేల్చేయకూడదు. డెంబెలె, విటీనియా, హకీమి, డూవె ఎంతో ప్రతిభ ఉన్నవాళ్లే. తేడా అంతా బంతి పోయాక మొదలవుతుంది. ముగ్గురు ఫార్వర్డ్‌లు అక్కడే ఆగిపోతే 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పున్న మైదానాన్ని కీపర్ పోను మిగిలిన ఏడుగురే కాయాలి. ఎదుటి సెంటర్ బ్యాక్ (గోల్ ముందు మధ్యలో కాచే డిఫెండర్) తలెత్తి, తీరిగ్గా చూసుకుని, 40 మీటర్ల పాస్ వేసేస్తాడు. ఇప్పుడు చెప్పిన కప్పు గెలిచిన కోచ్ లూయీ ఎన్రికె జట్టులో ఆ తీరిక ఎవరికీ దొరకలేదు. అందరికన్నా ముందు గోల్‌కీపర్ మీదికి ఉరికింది సెంటర్ ఫార్వర్డ్ డెంబెలేనే.

అలాగని పరుగెత్తని ఆటగాడు జట్టుకు భారమని కూడా కాదు. పారిస్ జట్టు అలా ఓడిపోయిన సీజన్‌లోనే, 2022 డిసెంబరులో, అదే మెస్సి అర్జెంటీనాకు ప్రపంచకప్ గెలిచిపెట్టాడు, 7 గోల్స్ కొట్టాడు. అక్కడ కోచ్ స్కాలోని అతని చుట్టూ ఎవరిని నిలబెట్టాడో గమనించాలి. తొలి మ్యాచ్‌లో సౌదీ అరేబియా చేతిలో 2-1తో ఓడాక మిడ్‌ఫీల్డ్‌లోకి మాక్ అలిస్టర్, ఎన్సో ఫెర్నాండెస్ వచ్చారు. ముందు వరుసలోకి హులియన్ అల్వారెస్ వచ్చాడు. డి పాల్ ముందునుంచీ ఉన్నాడు. ఈ నలుగురూ మెస్సి పరుగెత్తాల్సిన దూరాన్ని తమ మీద వేసుకున్నారు. ఒక్కరు నడిచినా తట్టుకునేలా జట్టును కట్టవచ్చు. ముగ్గురు నడిస్తే కట్టలేం. స్కాలోని ఒకే ఫార్మేషన్‌ను (ఆటగాళ్లను నిలబెట్టే అమరికను) పట్టుకుని కూర్చోలేదు కూడా. నెదర్లాండ్స్ మీద వెనుక ఐదుగురిని పెట్టాడు. క్రొయేషియా మీద మిడ్‌ఫీల్డ్‌లో నలుగురిని దించాడు. ఫైనల్లో డి మరియాను ఎడమ వైపుకు పంపి ఫ్రాన్స్ కుడి ఫుల్‌బ్యాక్ (అంచున కాచే డిఫెండర్) మీద ఒత్తిడి పెట్టాడు. తొలి పెనాల్టీ తెచ్చిందీ, రెండో గోల్ కొట్టిందీ డి మరియానే.

ఇక ఇంగ్లండ్ క్లబ్ లివర్‌పూల్‌లో కథ మరోలా నడిచింది. కోచ్ క్లోప్ 2015 అక్టోబరులో వచ్చిననాటి నుంచీ ఆట తీరు ఒకటే: ఎదుటి జట్టు సగంలోనే బంతి లాక్కోవడం, డిఫెన్స్ లైన్‌ను మధ్యగీత దగ్గరకు జరపడం. దాడి బాగానే సాగింది, గోల్స్ మాత్రం వెనుక కారుతూనే ఉన్నాయి. 2016-17 ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో 42 గోల్స్, మరుసటి ఏడాది 38 గోల్స్ ఇచ్చుకున్నారు. 2018 జనవరిలో సెంటర్ బ్యాక్ వాన్ డైక్, ఆ వేసవిలో గోల్‌కీపర్ అలిసన్ వచ్చారు. 2018-19లో ఇచ్చిన గోల్స్ 22కి పడిపోయాయి. ఆ ఏడాది ఛాంపియన్స్ లీగ్, మరుసటి ఏడాది లీగ్ వచ్చాయి. కారణం సూటిగా కనిపిస్తుంది. లైన్‌ను పైకి జరిపితే దాని వెనుక దాదాపు 40 మీటర్ల ఖాళీ మిగులుతుంది. వెనక్కి తిరిగి స్ట్రైకర్‌తో సమంగా పరుగెత్తగల సెంటర్ బ్యాక్, పెనాల్టీ బాక్స్ దాటి ముందుకొచ్చి బంతి తీసేయగల కీపర్ లేకపోతే, ఆ ఖాళీ ఎదుటివాడికి రాసిచ్చినట్టే. వ్యూహం మొదటి రోజు నుంచీ సరైనదే. దాన్ని మోయగల మనుషులు వచ్చేసరికి రెండున్నరేళ్లకు పైగా పట్టింది.

అందుకే, చేతిలో డబ్బు లేని జట్ల కోచ్‌లు ముందు వ్యూహం గీసుకుని తర్వాత ఆటగాళ్లను అందులో ఇరికించడం ప్రమాదకరం. మొదటి రెండు వారాలు కొలవడానికే కేటాయించాలి. గోల్‌కీపర్ మీదికి ఒకరు దూసుకొస్తుండగా 20, 30 మీటర్ల పాస్‌ను రెండు కాళ్లతోనూ వేయగలడా? వేయలేడంటే గోల్ కిక్‌ను పక్కనున్న డిఫెండర్‌కు చిన్న పాస్‌గా ఇవ్వడం మానుకోవాలి. సెంటర్ బ్యాక్‌లను నిలబడ్డ చోటునుంచి వెనక్కి తిరిగి 30 మీటర్లు పరుగెత్తించండి, పక్కనే జట్టులోని అత్యంత వేగమున్న వింగర్‌ను (అంచున దాడి చేసేవాడిని) పరుగెత్తించండి. తేడా మూడు నాలుగు అడుగులు దాటితే లైన్‌ను బాక్స్‌కు 10, 15 మీటర్ల దూరంలోనే ఆపాలి. మిడ్‌ఫీల్డర్‌ను చూసేటప్పుడు బంతిని కాదు, అతని తలను చూడాలి. బంతి అందేలోపు రెండుసార్లైనా భుజం మీదుగా వెనక్కి చూసేవాడికి మధ్యలో ఆట అప్పగించవచ్చు. చూడనివాడికి అప్పగిస్తే వీపు మీదనుంచే బంతి పోతుంది. స్ట్రైకర్ గోల్‌కు వీపు పెట్టి బంతిని ఆపగలవాడా, డిఫెండర్ల వెనక్కి పరుగెత్తేవాడా? వింగర్లు క్రాస్‌లు (అంచు నుంచి గోల్ ముందుకు పంపే బంతులు) వేయాలా, పాస్‌ను లైన్ల మధ్యకు జార్చాలా అన్నది ఈ జవాబును బట్టే తేలుతుంది. పొట్టి స్ట్రైకర్‌కు మ్యాచ్‌కు ముప్పై క్రాస్‌లు ఎత్తుగా వేసే జట్లు ఎన్నో కనిపిస్తాయి. అక్కడ స్ట్రైకర్‌ను తిట్టి ప్రయోజనం లేదు.

ఈ కొలత సరిగ్గా కుదిరిన జట్టు 2015-16లో ఇంగ్లండ్ క్లబ్ లెస్టర్ సిటీ. సెంటర్ బ్యాక్‌లు మోర్గన్, హూత్ పొడుగ్గా బలంగా ఉంటారు, కానీ నిదానం. కాబట్టి కోచ్ రానియెరి వాళ్లను బాక్స్ దగ్గరే ఉంచాడు. వాళ్ల ముందు మిడ్‌ఫీల్డర్ కాంటే అటూ ఇటూ దూరి బంతులు లాగేవాడు. బంతి దొరకగానే మహ్‌రెజ్ కాలికి, అక్కడినుంచి వార్డీ పరుగుకు. చాలా మ్యాచ్‌ల్లో బంతి ఎక్కువసేపు ఎదుటి జట్టు దగ్గరే ఉన్నా, 81 పాయింట్లతో లీగ్ గెలిచారు. మరుసటి ఏడాది కాంటే చెల్సీకి వెళ్లాడు. ఆట తీరు అదే, కోచ్ అతనే. 2017 ఫిబ్రవరిలో రానియెరిని తొలగించే నాటికి జట్టు లీగ్ నుంచి దిగజారే ప్రమాదంలో ఉంది. ఒక కోచ్ తొమ్మిది నెలల్లో తెలివి పోగొట్టుకోడు. ఇరుసులాంటి ఆటగాడు పోయాక పాత తీరునే నడిపించడం వల్ల వచ్చిన తిప్పలు అవి.

కాంటే చేరిన చెల్సీ కూడా అతనొక్కడి వల్ల గెలవలేదు. అంతకుముందు ఏడాది పదో స్థానం. 2016 సెప్టెంబరులో ఆర్సెనల్ చేతిలో 3-0తో ఓడాక చెల్సీ కోచ్ ఆంటోనియో కాంటె వెనుక నలుగురి లైన్‌ను వదిలేసి ముగ్గురు సెంటర్ బ్యాక్‌లు, నలుగురు మిడ్‌ఫీల్డర్లు, ముగ్గురు ఫార్వర్డ్‌లుండే 3-4-3కు మారాడు. అప్పటిదాకా వింగర్‌గా తెలిసిన విక్టర్ మోజెస్‌ను కుడి వింగ్‌బ్యాక్ (అంచంతా దాడికీ రక్షణకూ తిరిగేవాడు) చేశాడు. ఆ తర్వాత లీగ్‌లో వరసగా 13 మ్యాచ్‌లు గెలిచి, 93 పాయింట్లతో టైటిల్ ఎగరేసుకుపోయారు. ఆటగాడిలో ఉన్న గుణం ఏ స్థానంలో అక్కరకొస్తుందో కనిపెట్టడం కోచ్ పనుల్లో అన్నిటికన్నా విలువైనది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం చేసిందీ ఇదే. తలకు గాయమై కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను సెమీఫైనల్లోనూ ఫైనల్లోనూ ఫార్వర్డ్‌గా ఆడించాడు. రెండింటిలోనూ జర్నైల్ గోల్ కొట్టాడు. ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి భారత్ స్వర్ణం నెగ్గింది.

ఎంపిక సరిగ్గా ఉన్నా, సాధన సరిగ్గా లేక కూలే జట్లే ఎక్కువ. ప్రెసింగ్ (బంతి ఉన్న ఎదుటివాడి మీద ఒత్తిడి పెట్టి లాక్కోవడం) విషయంలో ఇది మరీ ఎక్కువ, కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాం. ప్రెసింగ్ అంటే అందరూ బంతి వెంట పడటం కాదు. ఎప్పుడు కదలాలో జట్టుకంతా ఒకే గుర్తు ఉండాలి. ఎదుటివాడు పాస్ వెనక్కి ఇవ్వడం, మొదటి టచ్ కుదరక బంతి కాలికి దూరం కావడం, టచ్‌లైన్ పక్కనున్న ఫుల్‌బ్యాక్‌కు బంతి వెళ్లడం, బంతి అందుకునేవాడు సొంత గోల్ వైపు తిరిగి ఉండటం, ఈ నాలుగూ మంచి గుర్తులు. గుర్తు కనబడగానే స్ట్రైకర్ నేరుగా పరుగెత్తకూడదు. వంపు తిరుగుతూ వెళ్లి, రెండో సెంటర్ బ్యాక్‌కు పాస్ పోయే దారిని ఒంటితో మూసుకుంటూ దగ్గరవ్వాలి. నేరుగా వెళితే రెండు వైపులా తలుపులు తెరిచినట్టే. అదే క్షణంలో వింగర్ ఫుల్‌బ్యాక్ మీదికి, మిడ్‌ఫీల్డర్ ఎదుటి మిడ్‌ఫీల్డర్ మీదికి, డిఫెన్స్ లైన్ ఐదారు మీటర్లు పైకి జరగాలి. ముందు వరుసకూ చివరి వరుసకూ మధ్య దూరం 25 నుంచి 30 మీటర్లు దాటకూడదు.

తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ముందున్న ముగ్గురు ఉరుకుతారు, వెనుకవాళ్లు భయంతో ఆగిపోతారు. మధ్యలో 20 మీటర్ల ఖాళీ. ఒక్క పాస్‌తో ముగ్గురూ ఆటలో లేకుండా పోతారు. గోల్ పడ్డాక నింద సెంటర్ బ్యాక్‌కు వస్తుంది, నిజానికి లోపం మిడ్‌ఫీల్డ్ లైన్ పైకి రాకపోవడంలో ఉంటుంది. దీన్ని సరిచేయాలంటే మొదటి రోజే పూర్తి వేగంతో ఆడించకూడదు. ముందు ప్రత్యర్థులు లేకుండా, కోచ్ బంతిని నాలుగైదు చోట్లకు జరుపుతుంటే పదిమందీ నడుస్తూ తమ చోటు మార్చుకోవాలి. తర్వాత ప్రత్యర్థులు పాస్‌లు మాత్రమే వేసేలా, పక్కకు తప్పించుకోకుండా. ఆ తర్వాతే సగం మైదానంలో 8 మంది మీద 8 మంది, 4 నిమిషాల ఆట, 2 నిమిషాల విరామం, నాలుగు విడతలు. అంతకు మించితే కాళ్లు అలిసి దూరాలు తప్పుతాయి, ఆ తప్పు దూరాలే అలవాటవుతాయి. ఈ సాధనను మ్యాచ్‌కు మూడు నాలుగు రోజుల ముందే పెట్టాలి. ముందురోజు పెడితే కష్టమంతా మ్యాచ్‌లో కండరాల మీద పడుతుంది.

కోచ్ అరిగో సాక్కి ఇటలీ క్లబ్ ఏసీ మిలాన్‌లో చేసిన పని ఈ సాధనకు పాఠం లాంటిది. కీపర్ గల్లి, నలుగురు డిఫెండర్లు ఒకవైపు, గుల్లిట్, వాన్ బాస్టెన్, రైకార్డ్ సహా పదిమంది మరోవైపు. ఆ పదిమందీ ఒక్క గోల్ కూడా కొట్టలేకపోయారు. పద్ధతి ప్రతిభను ఓడిస్తుందని చెప్పడానికి ఈ సంగతిని ఉదాహరిస్తుంటారు. అయితే ఆ నలుగురు డిఫెండర్లు బరేసి, మాల్దీని, కోస్టకుర్తా, టసొట్టి. లైన్ ఎప్పుడు పైకి రావాలో బరేసి అరక్షణంలో పసిగట్టేవాడు. అలాంటి చూపు లేని నలుగురితో అదే ఆఫ్‌సైడ్ వల (లైనంతా ఒకేసారి ముందుకు జరిగి ఎదుటివాడిని ఆఫ్‌సైడ్‌లో పట్టించడం) పన్నితే చిక్కుకునేది మన కీపరే. 1989, 1990 యూరోపియన్ కప్పులు ఆ పద్ధతికీ ఆ చూపుకూ కలిపి దక్కినవి.

నేర్పకుండా వదలాల్సిన చోటు కూడా ఒకటుంది. ఎదుటి గోల్‌కు చివరి 30 మీటర్లలో వింగర్ ఎటు తిరగాలో కోచ్ గీత పక్కనుంచి అరవడం వల్ల మంచి జరగడం అరుదు. ఎదుట ఒక్కడే డిఫెండర్ ఉన్నప్పుడు బంతి అతని కాలికి అందేలా చూడటం వరకే కోచ్ వంతు. 2009 మే 2న రియల్ మాడ్రిడ్ మైదానంలో బార్సిలోనా కోచ్ గార్డియోలా మెస్సిని కుడి అంచు నుంచి మధ్యలోకి తెచ్చి, స్ట్రైకర్ స్థానం నుంచి వెనక్కి దిగి ఆడమన్నాడు. వెంట వెళ్లాలా, లైన్‌లోనే ఉండాలా అని మాడ్రిడ్ సెంటర్ బ్యాక్‌లు తేల్చుకోలేకపోయారు. బార్సిలోనా 6-2తో గెలిచింది. గార్డియోలా ఇచ్చింది చోటు. ఆ చోటులో ఏం చేయాలన్నది మెస్సి సొంతం.

క్లబ్ యాజమాన్యాలకు ఒక మాట. వింగర్లతో ఆడే కోచ్‌ను తీసేసి, వింగర్లు లేని 3-5-2 ఆడే కోచ్‌ను సీజన్ మధ్యలో తెస్తే, డబ్బు పోసి కొన్న ఇద్దరు వింగర్లు బెంచీకే పరిమితమవుతారు. కోచ్‌ను మార్చక తప్పదనుకుంటే, ఉన్న ఆటగాళ్లతో పని జరిగే తీరు గలవాడినే వెతకాలి.

చివరగా, మీ పత్రికకు మా విన్నపం. మ్యాచ్ నివేదికల్లో స్కోరు, గోల్స్ కొట్టినవారి పేర్లతో పాటు మూడు సంగతులు ఇవ్వండి: డిఫెన్స్ లైన్ సొంత గోల్‌కు ఎంత దూరంలో నిలబడింది, బంతిని ఎక్కువగా మైదానంలో ఏ భాగంలో లాక్కున్నారు, మార్పిడి ఆటగాడు దిగాక ఎవరి స్థానం మారింది. నాలుగు వాక్యాలు సరిపోతాయి. పాఠకులు కూడా తర్వాతి మ్యాచ్‌లో మొదటి 15 నిమిషాలు బంతిని వదిలేసి, ఒక జట్టు డిఫెన్స్ లైన్‌నే చూడాలని కోరుతున్నాం.

ఇట్లు,
యువ జట్లకు శిక్షణ ఇస్తున్న కొందరు ఫుట్‌బాల్ కోచ్‌లు