నిజాం బిళ్ళల మీద కొత్త అచ్చులు కొట్టొద్దు

ఎడిటర్ గారికి నమస్తే,

ఈమధ్య మన సిటీలో ఒక కాయిన్ ఎగ్జిబిషన్‌కి వెళ్తే ఒకాయన నిజాం కాలం నాటి రెండు పైల విలువ గల బిళ్ళల్ని, అంటే నాణేల్ని, ఎర్రగా కాల్చి మెత్తబరిచి స్క్రూ ప్రెస్‌లో (మర తిప్పి గట్టిగా నొక్కే యంత్రంలో) పెట్టి వాటి మీద కొత్త డిజైన్ కొట్టి సావనీర్ అని అమ్ముతున్నాడు, జనం లైన్ కట్టి కొంటున్నారు. ఇదేందన్నా అంటే "అరిగిపోయినవే కదా సార్, కిలోల లెక్కన దొరుకుతయ్, రాజులు కూడా గిట్లనే చేసిండ్రు" అన్నాడు.

రాజులు చేసిన మాట నిజమే. శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి క్షత్రప రాజు నహపాణుణ్ణి ఓడించాక అతని వెండి నాణేల మీదే తన చైత్యం గుర్తు, ఉజ్జయిని గుర్తు కొట్టించాడు. కరిగించే పని లేదు, తూకం ముందే సరిగ్గా ఉంది, పైగా రాజ్యం మారిందని సంతలో అందరికీ తెలిసిపోతుంది. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో 13 వేలకు పైగా నాణేలు దొరికితే అందులో సగానికి మించి ఇట్లా మళ్ళీ కొట్టినవే, కింద నహపాణుడి ముఖం, గ్రీకు అక్షరాలు ఇంకా కనపడుతుంటాయి కాబట్టే ఎవరు ముందో ఎవరు తర్వాతో మనకి గట్టిగా తెలిసింది. 1804లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్ కూడా స్పెయిన్ వెండి డాలర్ల మీద తన ముద్ర కొట్టించి వాడుకుంది.

కానీ అవి చెలామణిలో ఉన్న డబ్బులు, కొట్టాక కూడా డబ్బులుగానే తిరిగాయి. ఇక్కడ పోయేది హిజ్రీ సంవత్సరం, నిజాం తుగ్రా (అలంకారంగా అల్లిన రాతలో ఉండే పేరు ముద్ర), అది ఏ రకం బిళ్ళ అన్న ఆనవాలు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువు కిందికే వస్తుంది, వీటిలో చాలా వాటికి ఆ వయసు ఎప్పుడో దాటింది.

ఇంకో భయం కూడా ఉంది. ఇదే పద్ధతిలో మామూలు పాత బిళ్ళ మీద అరుదైన సంవత్సరం అచ్చు కొడితే లోహం అసలుదే, తూకం అసలుదే, త్రాసు మీద పెట్టినా మోసం దొరకదు, లెన్స్ కింద పాత గీతలు వెతికే ఓపిక కొత్తగా కలెక్ట్ చేసే పిల్లలకి ఎక్కడుంటది?

కొత్త రాగి బిళ్ళలు కోసుకోవచ్చు కదా, ఖర్చు కూడా పెద్దగా కాదు. ఎగ్జిబిషన్ పెట్టేవాళ్ళు ఇలాంటి స్టాళ్ళకి పర్మిషన్ ఇవ్వొద్దు. 2022లో మ్యూజియంగా తెరిచిన సైఫాబాద్ పాత మింట్‌లో కొత్త బిళ్ళల మీద పిల్లల చేతనే అచ్చు కొట్టించే ఏర్పాటు చేస్తే ఆ సరదా అక్కడే తీరుతుంది, అధికారులు దయచేసి ఆలోచించాలి.

- ఒక నాణేల అభిమాని, మలక్‌పేట, హైదరాబాద్