ఆస్పిరిన్ దిగుబడి లెక్కకు మార్కులివ్వండి

సంపాదకుల వారికి,

డిగ్రీ కాలేజీల్లో ఆర్గానిక్ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ దగ్గర పడ్డాయి. రిటైరయ్యాక అమలాపురంలో బీఎస్సీ పిల్లలకు ట్యూషన్ చెబుతున్నాను, వాళ్ల రికార్డులు చూస్తుంటాను. ఆస్పిరిన్ తయారీ పేజీలో చాలామందిది ఒకటే అంకె: దిగుబడి 95 శాతం.

ఆ అంకె ఎలా వస్తోందంటే, 2 గ్రాముల సాలిసిలిక్ ఆమ్లం తీసుకున్నారు, 1.9 గ్రాముల ఆస్పిరిన్ వచ్చింది, 1.9ను 2తో భాగించారు. అది తప్పు. లెక్క ప్రకారం రావలసిన ఆస్పిరిన్ బరువుతో భాగించాలి. 2 గ్రాములను అణుభారం 138తో భాగిస్తే 0.0145 మోల్ (అణువుల సంఖ్యకు కొలమానం). దానితో చర్య జరిపి ఆస్పిరిన్ చేసే ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ 5 మి.లీ. పోస్తారు. దాని సాంద్రత 1.08 కనుక 5.4 గ్రాములు, 102తో భాగిస్తే 0.053 మోల్. అవసరానికి మూడు రెట్లు పైనే ఉంది. ముందు అయిపోయేది సాలిసిలిక్ ఆమ్లం, లిమిటింగ్ రియేజెంట్ అదే. ఒక మోల్‌కు ఒక మోల్ ఆస్పిరిన్ వస్తుంది కాబట్టి 0.0145ను 180తో హెచ్చిస్తే థియరిటికల్ యీల్డ్, అంటే లెక్క ప్రకారం రావలసింది, 2.61 గ్రాములు. 1.9 వస్తే దిగుబడి 73 శాతం. విద్యార్థికి అది మంచి దిగుబడే.

ముమ్మిడివరం నుంచి వచ్చే ఒక అమ్మాయికి 2.3 గ్రాములు వచ్చింది. రెండుతో భాగిస్తే 115 శాతం! టెన్షన్ పడి బరువును 1.9గా దిద్దేసింది. నిజానికి ఆమెది 88 శాతం. చక్కగా చేసిన పనిని భయంతో చెరిపేసుకుంది. నాకు చాలా బాధేసింది.

తేమ సంగతి మరొకటి. ధాన్యంలో తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరని మన డెల్టా రైతుల పిల్లలకు తెలుసు. వాళ్లే తడి ఆస్పిరిన్ తూచి బరువు రాసేస్తున్నారు. కోనసీమ వానల్లో ఫిల్టర్ పేపర్ మీద పరిచిన పొడి రాత్రికి రాత్రే ఆరదు. రెండు మూడుసార్లు తూచాక బరువు మారకుండా నిలిస్తేనే రాయాలి. ఫెర్రిక్ క్లోరైడ్ వేస్తే ఊదా రంగు వచ్చిందంటే మిగిలిపోయిన సాలిసిలిక్ ఆమ్లం కూడా ఆ బరువులో ఉన్నట్టే. కడిగేటప్పుడు పోయేదీ ఉంటుంది: మామూలు ఉష్ణోగ్రతలో 100 మి.లీ. నీటిలో సుమారు 0.3 గ్రాముల ఆస్పిరిన్ కరుగుతుంది. అందుకే కొద్దిపాటి చల్లని నీళ్లు చాలు.

ఒక కాలేజీలో 80 శాతం దాటితేనే పూర్తి మార్కులన్నారట. అలాగైతే పిల్లలు అంకె మార్చక ఏం చేస్తారు? రేపు వీళ్లలో కొందరు పరవాడ ఫార్మా కంపెనీల్లో చేరతారు. అక్కడ బ్యాచ్ దిగుబడి తగ్గినా పెరిగినా కారణం రాసి సంతకం పెట్టాలి.

ఎగ్జామినర్లకు నా విన్నపం: మోల్ లెక్కకు, ఆరిన బరువుకు, స్వచ్ఛత చెప్పే ద్రవీభవన స్థానానికి, దిగుబడి తగ్గిందెందుకో రాసిన వాక్యానికి మార్కులు వేయండి. కాలేజీలు కూడా పరీక్షల లోపు డెసికేటర్లలో (పొడిని ఆరబెట్టే మూత పాత్రలు) తేమ పీల్చే కాల్షియం క్లోరైడ్ మార్పించాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత కెమిస్ట్రీ లెక్చరర్,
అమలాపురం