దొడ్డమ్మకి ‘గాలివాన’ చదివాను

బావా,

జవాబు రాయడం బాగా ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. ఇక్కడ అందరూ కులాసా. దాళ్వా కోతలయ్యాయి, నాన్న మోకాలు పర్లేదు. ఇంక అసలు సంగతి. ‘గాలివాన’ కథలో బిచ్చగత్తె మనిషి కాదు, ఆ గాలివానలాగే ఒక ప్రతీక, ‘జీవశక్తి’ అన్నావే, దానికే ఈ జవాబు.

మొన్న రాత్రి కరెంటు పోతే దొడ్డమ్మకి పాలగుమ్మి పద్మరాజు గారి ‘గాలివాన’ చదివి వినిపించాను. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పోటీలో రెండో బహుమతి వచ్చిందని గొప్పగా చెబుతుంటే, "ముందు చదవరా" అంది. తొంభై ఆరు నవంబరు తుపాను చూసిన మనిషి కదా, కథలో గాలి మొదలైన దగ్గర్నుంచి మంచం పట్టె వదల్లేదు.

రైల్లో కనబడ్డ బిచ్చగత్తె తడిసి ముద్దై, నియమాల మనిషి రావుగారు తుపానుకి తలదాచుకున్న స్టేషన్ గదిలోకి వచ్చి, చివరికి ఇద్దరూ ఒకరినొకరు పట్టుకు కూర్చున్న చోట నాకే చదవడానికి మొహమాటమేసింది. దొడ్డమ్మ మాత్రం, "ఆ తుపాను రాత్రి బడిలో మేమూ అంతే. తెల్లారాక గానీ నా పక్కనున్నది ఎవరో చూళ్లేదు" అంది.

బిచ్చగత్తె రావుగారి పర్సు తీసిన దగ్గర దొడ్డమ్మ ఏమంటుందోనని తెగ టెన్షన్ పడ్డాను. "తీస్తే తీసింది, దానికి రేపు తిండెవరు పెడతారు?" అని, ఆమె శిథిలాల కింద చచ్చిపడి ఉందనగానే బావురుమంది. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

అందుకే బావా, బొబ్బర్లంక లాకుల దగ్గర సైకిళ్లాపి నువ్వు అరిచిన మాట నేనొప్పుకోను. గాలివాన ప్రతీకే, కాదనను. రావుగారు నియమాలతో కట్టుకున్న బతుకంతా ఆ రాత్రి ఊడిపోయింది. కానీ ఆమెని కూడా ‘జీవశక్తి’ అని పేరుపెట్టి గోడకి తగిలిస్తే ఆ పర్సుని ఏం చేస్తావు? ఆయన్ని బతికించిన చేతులే పర్సూ తీశాయి. అందుకే ఆమె మనిషి. ఇంకోటి చూడు, రైల్లో ఎలా ఉందో తుపానులోనూ అలాగే ఉంది, అదే చొరవ, అదే మాట. మారింది ఆయనొక్కడే. పైగా ఆయనకి ‘రావుగారు’ అన్న పిలుపైనా ఉంది, ఆమెకి కథ మొత్తంలో పేరే లేదు. పద్మరాజు గారు కావాలనే...

అన్నట్టు పెసరట్టు పందెం నేనే గెలిచాను, బాకీ మర్చిపోకు! ఆ టికెట్ల గది కూలడం గురించి కూడా రాద్దామనుకున్నాను గానీ, పక్కింటబ్బాయి అమలాపురం బయల్దేరుతున్నాడు, ఈ కవరు వాడి చేతికివ్వాలి. బండి స్టార్ట్ చేసేశాడు. కథ మళ్లీ చదివి వెంటనే రాయి.