మొదటి విడతకు థాంక్స్, రెండోది ఎప్పుడు సార్?

తెలంగాణలో విదేశీ విద్య స్కాలర్‌షిప్ ఫైళ్ళు చూసే గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం సార్. మొదటి విడత పది లక్షలు అందాయి, థాంక్స్. ఎప్పుడు అందాయో తర్వాత చెప్తాను. ముందు థాంక్స్ చెప్పమన్నది మా బాపు. పెద్దవాళ్ళకు రాసేటప్పుడు మర్యాద తప్పకూడదంటాడు. మీ ఆఫీసు మెట్లెక్కి దిగేది ఆయనే అయినా ఆయనకు ఇప్పటికీ మీ మీద గౌరవమే ఉంది. నాకూ ఉండేది.

ఈ ఉత్తరం రెండో విడత గురించి. జిల్లాలో అర్జీ ఇచ్చాం, సోమవారం అర్జీలు తీసుకునేచోట ఇచ్చాం, మెయిళ్ళు పెట్టాం, మా బ్యాచ్‌లో దొరికినవాళ్ళందరం పేర్లు రాసి మీ పేషీకి పంపాం. ఎక్కడ అడిగినా "బడ్జెట్ రిలీజ్ కాగానే పడుతుంది" అంటారు. రిలీజ్ ఎప్పుడు సార్ అంటే అది చూసే సెక్షన్ వేరే, ఆ సెక్షన్‌కు వెళ్తే ఆయన సీట్లో ఉండడు. అందుకే నలుగురూ చదివేలా ఇక్కడ రాస్తున్నాను, ఎవరో ఒకరు మీకు చూపించకపోతారా అని.

పథకం రూల్స్ మీకు నేను చెప్పేదేముంది. ఇంటి ఆదాయం ఏడాదికి 5 లక్షలు దాటకూడదు, 20 లక్షలు రెండు విడతల్లో ఇస్తారు, మొదటిది విదేశంలో దిగినట్టు ఇమ్మిగ్రేషన్ కార్డు చూపిస్తే, రెండోది మొదటి సెమిస్టర్ రిజల్ట్స్ చూపిస్తే. కాగితం మీద చాలా బాగుంది. కానీ 5 లక్షల లోపు ఆదాయమున్న ఇంట్లోంచి ఒక పిల్ల విదేశంలో దిగేదాకా ఖర్చు ఎవరు పెడతారని రూల్ రాసినవాళ్ళు అనుకున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నేను ఇంగ్లండ్‌లోని లెస్టర్‌కు వచ్చింది 2024 సెప్టెంబర్‌లో. వీసాకు ముందే ఫీజులో సగం కట్టాలి. అప్పటి రూల్ ప్రకారం నెలకు 1,023 పౌండ్ల చొప్పున 9 నెలల ఖర్చు, అంటే 9,207 పౌండ్లు, అకౌంట్‌లో 28 రోజులు కదలకుండా ఉండాల్సి వచ్చింది. అప్పటి రేటులో అది పది లక్షలు, ఉత్తగా చూపించడానికే. ఇక్కడి ప్రభుత్వ వైద్యం కోసం వీసాతో పాటే కట్టే హెల్త్ సర్‌చార్జి 1,164 పౌండ్లు, వీసా ఫీజు, టికెట్ వేరే. మీరు ఇచ్చే పైసలు ఇవన్నీ అయిపోయాక వస్తాయి. వస్తే.

బ్యాంకు తాకట్టు లేకుండా ఏడున్నర లక్షలు ఇచ్చింది. మిగతాది ఊళ్ళోనే రెండు రూపాయల మిత్తికి, పాసు పుస్తకం పెట్టి తెచ్చాం. అప్పిచ్చినాయన మొదట ఒప్పుకోలేదు. నేను స్కాలర్‌షిప్‌కు ఎంపికైనట్టు వచ్చిన మెసేజ్, ప్రొసీడింగ్స్ కాపీ చూపించాకే ఒప్పుకున్నాడు, "సర్కారు పైసలు యాడికి పోతయ్" అన్నాడు. మీ ప్రభుత్వం మీద అంత నమ్మకం పెట్టుకున్న మనిషిని నేను మా జిల్లాలో ఇంకొకరిని చూడలేదు.

ఇక ఇమ్మిగ్రేషన్ కార్డు. దిగిన వారంలోనే కాగితాలన్నీ పంపాను. బోర్డింగ్ పాస్, పాస్‌పోర్టులో వీసా పేజీ, యూనివర్సిటీ ఎన్‌రోల్‌మెంట్ లెటర్, ఇక్కడ ప్రభుత్వం ఇచ్చిన రెసిడెన్స్ పర్మిట్ కార్డు, రెండు వైపులా స్కాన్ చేసి. ఐ-94 ఏదమ్మా అని అడిగారు. ఐ-94 అంటే అమెరికాలో దిగినవాళ్ళకు ఇచ్చే ఎంట్రీ కాగితం సార్, ఇంగ్లండ్‌లో ఉండదు అని చెప్పాను. లిస్టులో ఐ-94 అని ఉంది, అదే కావాలి అన్నారు. బ్రిటన్‌ను అర్హత ఉన్న దేశాల జాబితాలో పెట్టింది మీరే, బ్రిటన్‌లో లేని కాగితం అడిగేది కూడా మీరే. డాలస్‌లో ఉన్న నా ఫ్రెండ్ ఆ ఫారం వెబ్‌సైట్‌లోంచి ఒక్క నిమిషంలో ప్రింట్ తీసుకుంది. దానిదే పంపిద్దామా అని ఇద్దరం నవ్వుకున్నాం కూడా.

చివరికి ఎవరో పెద్ద ఆఫీసర్ దయతలచి రెసిడెన్స్ కార్డు సరిపోతుందన్నారట. ఈలోపు కొత్త సంవత్సరం వచ్చింది, ఫైలు మళ్ళీ వెనక్కి వచ్చింది. ఎందుకంటే కార్డు మీద గడువు 31-12-2024 అని ఉంది! ఇక్కడ వాళ్ళు ప్లాస్టిక్ కార్డులు తీసేసి అంతా ఆన్‌లైన్ ఈ-వీసాకు మార్చారు, అందుకని అందరి కార్డుల మీదా అదే తేదీ వేశారు, నా వీసా మాత్రం 2026 జనవరి వరకు ఉంది. ఇది నేను కనిపెట్టిన కథ కాదు, బ్రిటన్ ప్రభుత్వం వెబ్‌సైట్‌లో ఉంది, ఆ పేజీ ప్రింట్ తీయించి మా బాపుతో పంపాను. ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితం పట్టుకుని మా బాపు కౌంటర్ దగ్గర నిలబడి, తనకు రాని విషయాన్ని, వినడానికి ఇష్టంలేని మనిషికి వివరించే ప్రయత్నం చేశాడు. అవతల ఆయన "మీ అమ్మాయి వీసా అయిపోయినట్టుంది, వాపస్ వచ్చేసిందా?" అని అడిగాడట. ఆ రోజు ఫోన్‌లో బాపు గొంతు విని నాకు మీ అందరి మీదా వచ్చిన కోపం ఇక్కడ రాయలేను. మర్యాద అన్నాం కదా.

మొత్తానికి సెప్టెంబర్‌లో దిగితే మొదటి విడత జూన్‌లో పడింది. ఏడాది కోర్సు సార్ ఇది. రెండేళ్ళ కోర్సు చేసే అమెరికా వాళ్ళకు ఆలస్యమైనా ఇంకో ఏడాది ఉంటుంది. ఇంగ్లండ్‌లో ఎంఎస్సీ అంటే సెప్టెంబర్ నుంచి సెప్టెంబర్, అంతే. జూన్‌కల్లా నేను డిసర్టేషన్, అంటే కోర్సు చివర ఇచ్చే పెద్ద రిపోర్టు, రాస్తున్నాను. ఆ పది లక్షలు పడ్డ రోజే పాసు పుస్తకం విడిపించడానికి పోయాయి. మిత్తి కింద ఎంత పోయిందో బాపు నాకు చెప్పలేదు, నేను లెక్క వేసుకోగలనని ఆయనకు తెలియదు కాబోలు. డేటా సైన్స్ చదవడానికే వచ్చాను మరి.

అసలు బాధ రెండో విడతది. 2025 జనవరిలో మిగతా సగం ఫీజు కట్టాల్సింది. కట్టలేదు కాబట్టి మా యూనివర్సిటీ వాళ్ళు నా అకౌంట్ ఆపేశారు. లెక్చర్ స్లైడ్లు లేవు, లైబ్రరీ లాగిన్ లేదు, ఫిబ్రవరిలో మార్కులు వస్తే అవీ కనిపించవు. మార్కుల మెమో లేకపోతే మీరు రెండో విడత ఇవ్వరు. రెండో విడత రాకపోతే నేను ఫీజు కట్టలేను. ఫీజు కట్టకపోతే వాళ్ళు మెమో ఇవ్వరు. ఇది మళ్ళీ ఒకసారి చదవండి సార్, తొందరేం లేదు, మీకెలాగూ తొందర లేదు కదా. ఇంకా ముదిరితే యూనివర్సిటీ నా వీసాకు ఇచ్చిన స్పాన్సర్‌షిప్ తీసేసి, వీసాలు చూసే ఇక్కడి హోం ఆఫీసుకు చెప్తుంది, వీసా 60 రోజులకు కుదించేస్తారు. ఫైనాన్స్ ఆఫీసులో నాకు వచ్చిన ఎంపిక లెటర్ చూపించాను. ఆమె చాలా మర్యాదగా చదివి, ఇందులో డబ్బు ఏ తేదీకి వస్తుందో ఎక్కడుంది అని అడిగింది. లేదు. ఎక్కడా లేదు. ఇంతమందికి ఇచ్చే ఇంత పెద్ద స్కాలర్‌షిప్ కాగితంలో ఒక్క తేదీ లేదని నాకు అప్పుడు తెలిసింది. నైజీరియా అబ్బాయి ఒకడు నా వెనక లైన్లో ఉన్నాడు, వాళ్ళ దేశంలోనూ ఇంతే అన్నాడు. అదొక ఓదార్పు.

బాపు చిట్టీ పాడి పంపినదానితో కొంత కట్టి, మిగతాది నెలనెలా కడతానని రాసిచ్చాక అకౌంట్ తెరిచారు, మెమో వచ్చింది. అది పంపితే ఒరిజినల్ మీద సీలు, సంతకం కావాలన్నారు. ఇక్కడ మెమో పీడీఎఫ్‌లోనే ఇస్తారు, దాని మీద లింకు ఉంటుంది, నొక్కితే అసలుదో కాదో తెలుస్తుంది. మీ వాళ్ళు దాన్ని ప్రింట్ తీసి, కాగితం మీద ఉన్న లింకును చూసి, ఇది పనిచేయడం లేదన్నారు. సరే, అదీ దాటాం. ఏప్రిల్ నుంచి పోర్టల్‌లో నా ఫైలు 'అండర్ ప్రాసెస్'. బిల్లు ట్రెజరీకి పోయిందంటారు, టోకెన్ పడిందంటారు, టోకెన్ నంబరు అడిగితే అది అభ్యర్థులకు చెప్పరంటారు. ఇప్పుడు 2025 నవంబర్.

ఇక్కడ పని చేసుకోవచ్చు కదా అని మీ ఆఫీసులో ఒకరు బాపుకు సలహా ఇచ్చారట. చేస్తున్నాం సార్. కోర్సు నడిచేటప్పుడు వారానికి 20 గంటలే అనుమతి. ఎండాకాలం సెలవులు కదా అంటారేమో, మాస్టర్స్ వాళ్ళకు ఎండాకాలం కూడా డిసర్టేషన్ టైమే, అప్పుడూ 20 గంటలే. కనీస వేతనం 2025 ఏప్రిల్ నుంచి గంటకు 12.21 పౌండ్లు, అంతకుముందు 11.44. అంటే 20 గంటలూ దొరికితే వారానికి 244 పౌండ్లు, దొరకని వారాలు చాలానే ఉంటాయి. కేర్ హోంలో నైట్ షిఫ్ట్ చేశాను, ముసలివాళ్ళను పక్కకు తిప్పడం, బట్టలు మార్చడం, తినిపించడం. అందులో నాకు నామోషీ లేదు, మా నానమ్మకు చేసిన పనే. కానీ షిఫ్ట్ దిగి తొమ్మిదింటి క్లాసుకు వెళ్ళి నిద్రపోకుండా కూర్చోవడం ఎలాగో ఆ సలహా ఇచ్చిన సార్ చెప్తే బాగుండేది. ఇంట్లో ఐదుగురం, కరెంటుకు గ్యాస్‌కు ప్రీపెయిడ్ మీటర్, మూలమీద షాపులో రీచార్జి చేయించుకుంటేనే హీటర్ వెలుగుతుంది. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగు కాకముందే చీకటి పడుతుంది. మనవాళ్ళ షాపులుండే బెల్‌గ్రేవ్ రోడ్ మీద సోనామసూరి బియ్యం, చింతపండు, ఆవకాయ అన్నీ దొరుకుతాయి, తిండికి బెంగ లేదు. ఈ కష్టాలకు మిమ్మల్ని అనను. చదువుకోవడానికి వచ్చినవాళ్ళం, ఇవి తెలిసే వచ్చాం. నెలనెలా యూనివర్సిటీ పంపే బాకీ మెయిలు మాత్రం మీ పుణ్యమే.

ఇప్పుడు పరిస్థితి ఇదీ. కోర్సు అయిపోయింది, పాసయ్యాను, మంచి మార్కులే వచ్చాయి. ఇంకా 2,600 పౌండ్లు బాకీ ఉంది కాబట్టి పట్టా ఆపారు, కోర్సు పూర్తయినట్టు హోం ఆఫీసుకు తెలియజేయడమూ ఆపారు. అది తెలియజేస్తే గానీ, చదువయ్యాక ఇక్కడే ఉండి పని చేసుకోనిచ్చే గ్రాడ్యుయేట్ వీసాకు నేను దరఖాస్తు చేయలేను. దానికి ఫీజు 880 పౌండ్లు, రెండేళ్ళ హెల్త్ సర్‌చార్జి 2,070 పౌండ్లు, మొత్తం 2,950. జనవరిలో నా వీసా అయిపోతుంది, ఆలోపే ఇక్కడి నుంచి దరఖాస్తు పెట్టాలి. ఒక్కరోజు దాటినా ఇంటికి రావడమే, పట్టా లేకుండా, బ్యాంకు అప్పుతో, చిట్టీ బాకీతో. మీరు నాకివ్వాల్సింది పది లక్షలు. అందులో బాకీ, వీసా ఫీజు పోగా ఇంకా మిగులుతుంది, బాపు చిట్టీ కూడా తీరుతుంది. నేను కొత్తగా ఏమీ అడగడం లేదు, మీరు రాసిచ్చిందే అడుగుతున్నాను.

ఎంపికయ్యేవాళ్ళ సంఖ్య పెంచుతున్నారని పేపర్లో చదివాను. మంచిదే, మా ఊరి పిల్లలు ఇంకో నలుగురు వస్తారు. కానీ సార్, ఉన్నవాళ్ళకే ఇవ్వకుండా లిస్టు పొడుగు చేస్తే మిత్తికిచ్చేవాళ్ళు బాగుపడతారు తప్ప ఏమొస్తుంది? ఎంపిక పత్రాలు ఇచ్చేరోజు ఫోటోలు దిగుతారు కదా, అదే స్టేజీ మీద రెండో విడత పెండింగ్ ఉన్నవాళ్ళ లిస్టు కూడా ఒకసారి చదివించండి. ఎవరికి ఎన్ని నెలల నుంచి రావాలో. నా పేరు అందులో కచ్చితంగా ఉంటుంది.

ముందు పైసలు వేయండి సార్. జనవరిలోపు వేయండి. తర్వాత వీలుంటే ప్రొసీడింగ్స్ కాగితంలో డబ్బు ఏ తేదీలోగా పడుతుందో రాయించండి, అది చూపిస్తే ఏ యూనివర్సిటీ అయినా కొన్నాళ్ళు ఆగుతుంది. ఏ దేశానికి ఏ కాగితం చాలో ఒక పేజీలో రాసి సెక్షన్లకు పంపండి. వీసా వచ్చాక, విమానం ఎక్కకముందే మొదటి విడతలో కొంతైనా యూనివర్సిటీ అకౌంట్‌కే నేరుగా కట్టే దారి ఉంటే చూడండి, మా చేతికి ఇస్తే తిని కూర్చుంటామన్న అనుమానం కూడా ఉండదు. ఇవన్నీ కాకపోయినా పర్లేదు, పైసలు వేయండి. అడుక్కుంటున్నాననుకున్నా పర్లేదు, జనవరిలోపు వేయండి.

దరఖాస్తు నంబరు ఇక్కడ రాయడం లేదు, మీ పేషీకి పంపిన ప్రతి మెయిల్‌లోనూ ఉంది. వచ్చే సోమవారం బాపు తెల్లవారుజాము బస్సెక్కి సికింద్రాబాద్ జేబీఎస్ బస్టాండ్‌లో దిగి మళ్ళీ మీ ఆఫీసుకు వస్తాడు, బ్రిటన్ వెబ్‌సైట్ ప్రింట్, మార్కుల మెమో, యూనివర్సిటీ బాకీ లెటర్ అన్నీ ఆయన సంచిలో ఉంటాయి. ఆయన్ని పదకొండింటి నుంచి సాయంత్రం దాకా వరండాలో కూర్చోబెట్టకుండా, ఆ సెక్షన్ ఆయన ఆ రోజైనా సీట్లో ఉండేలా మీరు ఒక ఫోన్ చేయించగలరా?

ఇట్లు,
మీ లబ్ధిదారుల జాబితాలో ఉన్న ఒక విద్యార్థిని,
లెస్టర్, ఇంగ్లండ్