మన పఠన సంఘం వార్షిక నివేదిక (2024–25)

సర్వసభ్య సమావేశానికి వచ్చిన పెద్దలకు, సభ్యులకు, ఈ ఏడాది కొత్తగా చేరిన విద్యార్థులకు, పొదుపు సంఘాల అక్కచెల్లెళ్ళకు నమస్కారం.

పాత కావ్యాలు చదవాలి, చదివినదాన్ని నలుగురిని నడిపించే పనిలో వాడుకోవాలి అని ఈ సంఘం పెట్టుకున్నాం. ఆ సంగతి మీ అందరికీ తెలిసిందే కాబట్టి ఆశయాల గురించి మళ్ళీ చెప్పను. ఏం చేశామో, ఎవరు చేశారో చెబుతాను.

ఆదివారం సాయంత్రం పఠనం ఏడాది పొడుగునా నడిచింది. మే నెల ఎన్నికల హడావిడిలో ఆగలేదు, సెప్టెంబరు వానల్లోనూ ఆగలేదు. ఇందుకు ముందుగా మన అధ్యక్షులు మాస్టారుగారికి కృతజ్ఞతలు చెప్పాలి. ఈ వయసులో కూడా ఆయన మైకు లేకుండా పద్యం చదివి, అన్వయం చెప్పి, ఆపైన "ఇప్పుడు మీరు చెప్పండి" అని కూర్చుంటారు. టీటీడీ వారు టీకా తాత్పర్యాలతో వేసిన కవిత్రయ భారతాన్ని సంఘానికి ఇచ్చిన దాత పేరు వద్దన్నారు. వారికీ ధన్యవాదాలు.

వేసవిలో సభాపర్వంతో మొదలుపెట్టాం. పర్వం మొత్తం కాదు, ధర్మరాజు మయసభలో కూర్చున్నాక నారదుడు వచ్చి వరసగా ప్రశ్నలు వేసే ఘట్టం ఒక్కటే. కొలిచేవాళ్ళకు జీతం, బత్తెం వేళకు అందుతున్నాయా? నీ కోసం ప్రాణం ఇచ్చినవాళ్ళ భార్యాబిడ్డలను చూసుకుంటున్నావా? రాజ్యంలో చెరువులు నిండి ఉన్నాయా, సేద్యం మొత్తం వాన మీదే వదిలేశావా? ఖర్చు ఆదాయంలో ఎన్నో వంతులో ఉంది? ఇలా సాగుతుంది. రాజుకు ఇలా చెయ్యి, అలా చెయ్యి అని నారదుడు ఉపదేశం ఇవ్వడు. అడుగుతాడు, అంతే. రాజు తనకు తానే జవాబు చెప్పుకోవాలి. నాయకత్వం మీద ఇప్పుడు డబ్బులు తీసుకుని శిక్షణ ఇచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈ ప్రశ్నలకు సాటివచ్చేది వాళ్ళ పాఠాల్లో నాకింతవరకు కనబడలేదు.

ఈ ఘట్టం ఎక్కువగా ఉపయోగపడింది బుధవారం మధ్యాహ్నం వచ్చే మహిళల బ్యాచ్‌కి. వాళ్ళలో ఒక పొదుపు సంఘం లీడరు తన తీర్మానాల పుస్తకం ఆఖరి పేజీలో నారదుడి ప్రశ్నలను తన పనికి సరిపోయేట్టు మార్చి రాసుకుంది. ఆ పేజీ నేను చూశాను. మూల మీద పసుపు వేలిముద్ర ఉంది, అక్షరాలు కాస్త వంకర. "కంతు కట్టలేనివాళ్ళ ఇంటికి నేనే వెళ్ళానా, మనిషిని పంపానా? బ్యాంకులో డబ్బు పడ్డాక ఎవరికి ఎంత వచ్చిందో అందరి ముందూ చదివానా? మాట్లాడకుండా కూర్చున్నవాళ్ళను పేరు పెట్టి అడిగానా?" ప్రతి మీటింగుకు ముందు ఇవి చదువుకుని వెళుతున్నానని ఆమె చెప్పింది. మూడో ప్రశ్న తర్వాత వాళ్ళ సంఘంలో ఇద్దరు ఆడవాళ్ళు మొదటిసారి నోరు తెరిచి మాట్లాడారట. ఈ ఏడాది మన పనికి దక్కిన ఫలితం ఇదీ అని నేను ధైర్యంగా చెప్పగలను.

ఆషాఢంలో, వానల కోసం విరాటపర్వం చదివే ఆనవాయితీ ప్రకారం, పెద్దల బ్యాచ్ తిక్కనగారి విరాటపర్వం చదివింది. కౌరవులు విరాటరాజు ఆవులను పట్టుకుపోవడానికి వచ్చే ఉత్తర గోగ్రహణం దగ్గర చాలాకాలం ఆగిపోయాం. ఎదురుగా రథం మీద వచ్చింది అర్జునుడని తెలిశాక భీష్ముడు దుర్యోధనుడికి "వచ్చినవాడు ఫల్గుణుడు" అని మొదలుపెట్టి, తప్పకుండా గెలుస్తామని అనుకోవద్దు, సంధికి ఒప్పుకోవడం కూడా ఆలోచించు అని చెబుతాడు. యుద్ధానికి నిలబడిన సైన్యం మధ్యలో రాజు మొహం మీద ఆ మాట అనగల మనిషి పక్కన ఉండటమే అదృష్టం. రాజ్యం ఇచ్చేది లేదని దుర్యోధనుడు తేల్చి చెప్పాక భీష్ముడు అలిగి వెళ్ళిపోలేదు. సేనను భాగాలు చేసి, రాజు వెంట కొంత, ఆవుల వెంట కొంత పంపించి, మిగతా సగంతో తానూ మిగిలినవాళ్ళూ నిలబడే ఏర్పాటు చేశాడు. ఒకసారి నిజం చెప్పి, తర్వాత అప్పగించిన పని చేయడమా, లేక వినని నాయకుణ్ణి వదిలేయడమా అనే చర్చ రెండు వారాలు నడిచింది. వదిలేయాల్సిందేనని మన రిటైర్డ్ తహసీల్దారుగారు పట్టుబట్టారు. కమిటీల్లో ఉన్నవాళ్ళకి మొదటి పద్ధతే ఎక్కువసార్లు పనికివస్తుందని నా అభిప్రాయం. అయితే భీష్ముడి విషయంలో చివరికి అది ఎక్కడికి దారితీసిందో మనకు తెలుసు గనుక తహసీల్దారుగారి మాటను కొట్టిపారేయలేను.

విద్యార్థుల బ్యాచ్ 'కన్యాశుల్కం' చదివింది. 1909లో గురజాడ పెంచి రాసిన రెండో కూర్పునే తీసుకున్నాం. గిరీశం మాటలకు పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆ తర్వాత వాళ్ళకు ఒకే ఒక ప్రశ్న ఇచ్చాం: ఇతని మాట నమ్మి ఎవరెవరు ఏమేం పోగొట్టుకున్నారు? బోర్డు మీద జాబితా రాయమంటే బుచ్చమ్మ పేరు దగ్గర క్లాసు మొత్తం నిశ్శబ్దం అయిపోయింది. బాగా మాట్లాడటం వేరు, బాధ్యత తీసుకోవడం వేరు అనేది పదిహేడేళ్ళ పిల్లలకు అర్థమయ్యే దారి ఇది. ఈ నాటకంలో నిజమైన లీడరు ఎవరు అంటే ఎక్కువమంది మధురవాణి అన్నారు. ఎవరి మనసు ఎలా ఉంటుందో తెలిసి, అవసరమైతే వేషం మార్చుకుని సౌజన్యారావు పంతులు దగ్గరికి వెళ్ళి, చిక్కుముడి విప్పింది ఆమేనని వాళ్ళ వాదన. నేను కాదనలేదు.

'ఆముక్తమాల్యద' నాలుగో ఆశ్వాసంలోని రాజనీతి పద్యాలు కొన్ని చదివాం. భాష కష్టంగా ఉందని చాలామంది వెనక్కి తగ్గారు. మిగిలిన కొద్దిమందితో చెరువులు, కాలువలు తవ్వించి పేద రైతుకు పన్నులో వెసులుబాటు ఇస్తే ధనమూ ధర్మమూ రెండూ పెరుగుతాయన్న పద్యం, 'కలని నక్క' పద్యం పూర్తి చేశాం. కష్టాలకు తాళలేక ఊరు విడిచిపోతున్న జనాన్ని వెనక్కి పిలవకుండా, వాళ్ళు వదిలేసిన గొడ్లూ గింజలూ అమ్ముకుందాం అనుకునే అధికారిని రాయలవారు యుద్ధభూమిలో తిరిగే నక్క అన్నారు. అలాంటి అధికారి ఉంటే రాజు ఏడు దీవులు గెలిచినా సమృద్ధి ఉండదట. సామ్రాజ్యం ఏలినవాడు తన సొంత యంత్రాంగం గురించి రాసిన మాట ఇది.

ఇక మన సంఘం ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవలసిన కార్యక్రమానికి వస్తాను.

నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో ఉద్యోగపర్వం మీద సభ పెట్టాలని ఆగస్టులోనే తీర్మానించాం. నాటకం కాదు. పడక సీను, జెండాపై కపిరాజు పద్యం మన ఊళ్ళో అందరికీ నోటికి వచ్చు. మేము తీసుకున్నది కృష్ణుడు రాయబారానికి బయలుదేరే ముందు పాండవులు ఒక్కొక్కరు తమ మనసులో మాట చెప్పే ఘట్టం. ధర్మరాజు, భీముడు, అర్జునుడు, నకులుడు, సహదేవుడు, సాత్యకి, ద్రౌపది. ఒక్కో పాత్ర ఒక్కో సభ్యుడికి. కిరీటాలు, గదలు లేవు. ఒకే నియమం: ముందు మాట్లాడినవాళ్ళు ఏమన్నారో, వాళ్ళు ఒప్పుకునేలా రెండు మాటల్లో చెప్పాకే తన మాట మొదలుపెట్టాలి.

భీముడిగా మాట్లాడింది మన ఆటో స్టాండు అధ్యక్షుడు. ఆయన లేచి నిలబడి, వంశం నాశనం కాకుండా మెత్తగా మాట్లాడి సంధి చేసుకురమ్మని కృష్ణుణ్ణి కోరేసరికి, వెనక వరసలోంచి ఒకాయన "భీముడు అట్లా మాట్లాడతాడా, గద ఎత్తాలి గాని!" అని అరిచాడు. మాస్టారుగారు పుస్తకం తెరిచి భారతంలో ఉన్నది అదేనని చదివి వినిపించారు. కృష్ణుడు కూడా ఆశ్చర్యపోయి భీముణ్ణి ఎత్తిపొడుస్తాడని చెప్పారు. ఆ తర్వాత సభలో ఎవరూ కదలలేదు. సహదేవుడు, సాత్యకి యుద్ధమే అన్నారు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న అమ్మాయి ద్రౌపదిగా నిలబడింది. ముందున్నవాళ్ళందరి మాటా వరసగా, ఎవరినీ తక్కువ చేయకుండా చెప్పి, "మీరంతా ఏం పోతుందో లెక్క వేశారు, నాకు ఏం పోయిందో ఎవరూ అడగలేదు" అంది. ఈ వాక్యం పుస్తకంలోది కాదు, ఆ పిల్ల సొంత మాట. ముందు వరసలో ఉన్న ఆడవాళ్ళు చప్పట్లు కొట్టడం ఆపలేదు.

కృష్ణుడిగా కూర్చున్నది నేను పైన చెప్పిన పొదుపు సంఘం లీడరే. పని కాదని తెలిసి ఎందుకు వెళుతున్నావని సభలోంచి ప్రశ్న వచ్చింది. విదురుడితో కృష్ణుడు చెప్పిన జవాబే ఆమె చెప్పింది: శక్తికొద్దీ మంచి పని కోసం పాటుపడితే అది నెరవేరకపోయినా దాని పుణ్యం దక్కుతుంది, ఆపగలిగి ఉండి ఆపలేదని రేపు లోకం నన్ను అనకూడదు. చివర్లో అందరూ కలిసి, కౌరవ సభలో కృష్ణుడి నోట తిక్కనగారు పలికించిన 'సారపు ధర్మమున్' పద్యం చదివారు. ధర్మానికీ సత్యానికీ ముప్పు వచ్చినప్పుడు చేయగల సమర్థులై ఉండి కూడా పట్టించుకోనివాళ్ళకే అది చేటు అని ఆ పద్యం భావం. "దక్షులెవ్వార లుపేక్ష సేసిరి" అనే చోట పిల్లల గొంతు పెరిగింది.

ఈ సభ ఎక్కడ జరిగిందో కూడా రికార్డులో ఉండాలి. గ్రంథాలయం హాలు ఇస్తామని సంబంధిత అధికారి నోటిమాటగా ఒప్పుకున్నారు. లిఖితపూర్వకంగా అడిగితే అక్టోబరు అంతా తిప్పారు. ఆ రోజు ఉదయం వెళ్ళేసరికి తాళం వేసి ఉంది, ఫోను ఎత్తలేదు. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు మనం ఏటా కడుతున్నాం. వారోత్సవాల్లో పుస్తకం చదవడానికి గ్రంథాలయం తెరవకపోతే ఆ సెస్సు దేనికోసమని పైఅధికారులకు అర్జీ పెట్టాం. ఇప్పటికీ జవాబు లేదు. రామాలయం ట్రస్టీలు అప్పటికప్పుడు మండపం ఇచ్చారు. షామియానా, మైకుసెట్టు అద్దె తీసుకోకుండా ఇచ్చిన సోదరుడికి, పులిహోర, టీ ఏర్పాటు చూసిన మహిళా సభ్యులకు, కుర్చీలు మోసిన కాలేజీ పిల్లలకు సంఘం రుణపడి ఉంది.

సభ్యులతో ఒక మాట సూటిగా చెప్పాలి. ఈ సభకు వాలంటీర్లుగా పేర్లు ఇచ్చినవాళ్ళు వాట్సాప్ గ్రూపులో ఇరవైమందికి పైనే. ఉదయం వచ్చింది ఆరుగురు. కార్యవర్గ సభ్యుల్లో కూడా ఇద్దరు మాత్రమే. మిగతావాళ్ళకు పనులు ఉండొచ్చు, ముందురోజు ఒక ఫోను చేస్తే సరిపోయేది. సాయంత్రం ఫొటోల్లో మాత్రం అందరూ ఉన్నారు. ఆ రోజు పద్యం విని తల ఊపినవాళ్ళు దాని అర్థం తమకు కూడా వర్తిస్తుందని గుర్తుంచుకోవాలి. బుధవారం బ్యాచ్‌కి పాఠం చెప్పడానికి ఒప్పుకున్న ఇద్దరు సభ్యులు దసరా తర్వాత రావడం మానేశారు. ఆ భారం మొత్తం మాస్టారుగారి మీద పడింది. ఇది న్యాయం కాదు.

లెక్కల విషయం. ఆడిట్ అయిన జమాఖర్చుల పట్టిక మీకు విడిగా పంచాం. ఎక్కువ ఖర్చు పుస్తకాలకు, నవంబరు సభకు అయింది. కొద్దిపాటి మిగులు బ్యాంకు ఖాతాలో ఉంది. వివరాలు కోశాధికారిగారు చెబుతారు. సభ్యత్వ రుసుము బాకీ ఉన్నవాళ్ళు ఈ రోజే చెల్లించాలని మనవి.

వచ్చే ఏడాదికి కార్యవర్గం ప్రతిపాదిస్తున్నవి ఇవి. శాంతిపర్వంలో భీష్ముడు అంపశయ్య మీద నుంచి ధర్మరాజుకు చెప్పిన రాజధర్మాలు ఆదివారం బ్యాచ్‌కి పాఠ్యం. విద్యార్థులకు చిన్నయసూరి 'నీతిచంద్రిక'లో మిత్రభేదం. ఒక తెలివైన సలహాదారు రాజుకూ స్నేహితుడికీ మధ్య ఎలా చిచ్చు పెడతాడో తెలుసుకోవడానికి దానికంటే మంచి పుస్తకం లేదు. వేటపాలెం సారస్వత నికేతనానికి ఒక రోజు యాత్ర. 1918లో ఊరివాళ్ళు కలిసి పెట్టుకున్న గ్రంథాలయం అది, గాంధీగారు శంకుస్థాపన చేసిన భవనం. ఊరి మనుషులు పూనుకుంటే ఏం చేయగలరో పిల్లలు కళ్ళారా చూడాలి. బస్సు ఖర్చుకు దాతలు ముందుకు రావాలి.

చివరిగా, కొత్త కార్యవర్గంలో కనీసం ముగ్గురు మహిళలు, ఇద్దరు విద్యార్థులు ఉండాలని నియమావళికి సవరణ ప్రతిపాదిస్తున్నాను. నవంబరు సభను నిజంగా నడిపింది వాళ్ళే. సవరణ కాపీ మీ కాగితాల్లో ఆఖరిది. చర్చించి, ఈ నివేదికతో పాటు ఆమోదించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి