కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక 2024–25: మెయిన్ రోడ్డు షాపింగ్ కాంప్లెక్స్ పునర్నిర్మాణం

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది పార్కు ప్రహరీకి రంగులు వేయించాం, వీధి దీపాలు మార్పించాం, ఉగాది పంచాంగ శ్రవణం ఎప్పటిలాగే జరిగింది. ఆడిటరు సంతకం చేసిన జమాఖర్చుల పత్రం జత చేశాం. కమిటీ సమయమంతా మాత్రం ఒక్క పనికే పోయింది. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, మన కాలనీని ఆనుకుని ఉన్న పాత షాపింగ్ కాంప్లెక్స్‌ను కూల్చి మూడు సెల్లార్లతో మాల్ కడతామని ప్రతిపాదన వచ్చింది. నివేదికలో మిగతాదంతా దాని గురించే.

సంఘం ఈ మాల్‌కు వ్యతిరేకం కాదు. పాత కాంప్లెక్స్ మురుగు పొంగి వీధిలోకి రావడం అందరం చూస్తున్నదే. కొత్త కట్టడంలో మురుగునీటి శుద్ధి ప్లాంటు (ఎస్‌టీపీ) పెట్టి, శుద్ధి చేసిన నీటిని ఫ్లష్‌లకు, ఏసీ కూలింగ్ టవర్లకు వాడితే మనకే మేలు. మనం అడుగుతున్నదల్లా, కూల్చివేత మొదలవకముందే చుట్టుపక్కల పరిస్థితిని కొలిచి కాగితం మీద పెట్టమని.

2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు (ఈఐఏ) నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న కట్టడాలకు ముందస్తు పర్యావరణ అనుమతి తప్పనిసరి. సెల్లార్ల విస్తీర్ణం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. 1,50,000 చదరపు మీటర్ల లోపు కట్టడాలకు పబ్లిక్ హియరింగ్ ఉండదు కాబట్టి, మీకేం ఇబ్బంది అని ఎవరూ వచ్చి అడగరు. పర్యావరణ అనుమతుల కోసం కేంద్రం నడిపే పరివేశ్ పోర్టల్‌లో పెట్టిన కాగితాలను మనమే తీసి చదవాలి. కమిటీలో ఇద్దరు రిటైర్డ్ ఇంజినీర్లు ఓపిగ్గా కూర్చుని చదివారు, వారికి కృతజ్ఞతలు.

మాకు ఎక్కువ భయం కలిగించింది సెల్లార్ల తవ్వకం. మన కింద ఉన్నది గ్రానైట్, భూగర్భజలం ఆ రాతి పగుళ్లలోనే ఉంటుంది. అంత లోతుకు తవ్వితే పగుళ్లు తెగి ఊట గుంతలోకి దిగుతుంది. పని సాగాలంటే ఆ నీటిని రాత్రింబవళ్లు మోటార్లతో తోడి పారబోయాల్సిందే. పక్క వీధుల్లో బోర్లు ఎండిపోయే ప్రమాదం అప్పుడే. తీరా అడిగితే బిల్డర్ ‘ఎండాకాలం కదండీ’ అంటే మన దగ్గర రుజువేముంటుంది? అందుకే గుడి వెనక బావిలోకి ఇనుప గుండు కట్టిన తాడు దించి, గట్టు నుంచి నీటిమట్టం దాకా టేపుతో కొలిచి, వారం వారం తేదీతో రాస్తున్నాం. బోర్లున్న ఇళ్లవాళ్లు మోటారు వేశాక ఎంతసేపటికి నీళ్లు ఆగిపోతున్నాయో నోటుబుక్కులో రాస్తున్నారు. కాంప్లెక్స్ వెనక వరస ఇళ్ల గోడల్లో ఇప్పటికే ఉన్న పగుళ్ల మీద చిన్న గాజు ముక్కలు అడ్డంగా ప్లాస్టరుతో అతికించి, పక్కనే తేదీ రాసి ఫొటోలు తీశాం. బండ పగలగొట్టే బ్రేకర్ల అదురుకు పగులు పెరిగితే ఆ గాజు విరుగుతుంది.

వాననీటి సంగతీ తేలిగ్గా తీసుకునేది కాదు. ఎకరం స్థలంలో 100 మిల్లీమీటర్ల వాన పడితే అది దాదాపు 4 లక్షల లీటర్లు. ప్లానులో ఇంకుడు గుంతలు చూపించారు, కానీ సెల్లారు స్థలం అంచు దాకా వెళ్తే నీరు ఇంకే నేల ఎక్కడ మిగులుతుంది? 2020 అక్టోబరులో సరూర్‌నగర్ చెరువు కింది కాలనీల అవస్థ చూసినవాళ్లం, ఈ ప్రశ్న అడగకుండా ఎలా ఉంటాం!

బిల్డర్ తరఫున అనుమతి నివేదిక రాసిన కన్సల్టెంటు ట్రాఫిక్ లెక్క మామూలు పనిరోజున తీశారు. బట్టల షాపుల రోడ్డుకు అసలు రద్దీ ఆదివారం సాయంత్రం, దసరా ముందు, సంక్రాంతి ముందు. ఆ లెక్క మీద ఆధారపడి గేటు ఎటు పెట్టాలో నిర్ణయించడం సరికాదు.

ఇక కూల్చివేత గురించి కన్సల్టెంటు నివేదికలో రాసింది ఒక్క పేరా. పై అంతస్తు కప్పంతా పాత ఆస్‌బెస్టాస్ రేకులు. వాటిని పగలగొడితే లేచే సన్నటి పీచు ఊపిరితిత్తుల్లో చేరి ఏళ్ల తర్వాత క్యాన్సర్ దాకా తేగలదు. తడిపి, పగలకుండా దించి, విడిగా పంపాలి. కట్టడ వ్యర్థాలపై 2016లో వచ్చిన నిబంధనలు శిథిలాల్లో కాంక్రీటు, మట్టి, ఇనుము-కలప-ప్లాస్టిక్, ఇటుక-గార వేటికవి వేరు చేయాలన్నాయి. ఫతుల్లాగూడలో రీసైక్లింగ్ ప్లాంటు ఉండగా, రాత్రిపూట నాలా పక్కన పోసి పోవడాన్ని మనం ఒప్పుకోం.

ఇవన్నీ రాసి రాష్ట్ర పర్యావరణ ప్రభావ మదింపు సంస్థకు, మున్సిపల్ ఆఫీసుకు వినతిపత్రాలు ఇచ్చాం. బిల్డర్‌తో రెండు సమావేశాలు జరిగాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పని ఆపుతామని, రేకులు విడిగా దించుతామని లిఖితపూర్వకంగా ఇచ్చారు. తోడిన నీటిని ట్యాంకులో నిలిపి దుమ్ము అణచడానికి వాడాలన్న మాటకు ‘చూద్దాం’ అన్నారు. ఆదివారం ట్రాఫిక్ లెక్కకు ఒప్పుకోలేదు. ప్రహరీ పక్క రెండు నిద్రగన్నేరు చెట్లను ఉంచే విషయమూ తేలలేదు.

అనుమతి వస్తే ఆ సంగతి రెండు పత్రికల్లో ప్రకటించాలి, అందులో ఒకటి తెలుగు పత్రిక అయి ఉండాలి. షరతులు సరిపోవనిపిస్తే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి 30 రోజుల గడువు, సరైన కారణం చూపితే మరో 60 రోజులు. అప్పీలు ఖర్చు సంగతి సర్వసభ్య సమావేశంలో ఓటుకు పెడుతున్నాం. బోర్ల నోటుబుక్కుల జిరాక్సు కాపీలను ఆ రోజే ఆఫీసు బేరర్లకు అందజేయగలరు.

ఇట్లు,
కార్యదర్శి