రేపటితో అంతర్వేది

అందరికీ నమస్కారం. కాకినాడలో మొదలెట్టిన మన తీరం నడక చివరికొచ్చింది. ఈ రోజు కేశనపల్లి నుంచి అంతర్వేది పల్లిపాలెం చేరాం. రాలేకపోయినవాళ్లు అడుగుతున్నారని రాస్తున్నా.

పొద్దున్నే సముద్రం ఆటు మీద ఉంది, నీళ్లు వెనక్కి తగ్గాయి కాబట్టి తడి ఇసుక గట్టిగా ఉండి హాయిగా నడిచాం. ఎండెక్కాక కాళ్లు దిగబడుతుంటే సరుగుడు తోటల నీడే దిక్కయింది. మనసు పాడుచేసింది మాత్రం కేశనపల్లి కొబ్బరి తోటలు. శంకరగుప్తం డ్రెయిన్ (మురుగు కాలువ) మీదుగా ఉప్పునీరు ఎక్కి, మొవ్వులు (తల లేతాకులు) ఎండిపోయి, చెట్లు కరెంటు స్తంభాల్లా నిలబడ్డాయి. ఫొటోలు తీయబుద్ధి కాలేదు, అడగొద్దు.

రేపు నడక కొంచెమే. లైట్‌హౌస్, వశిష్ఠ గోదావరి పాయ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు, తర్వాత నరసింహస్వామి దర్శనం. గట్టు దగ్గర నీళ్లలోకి ఎవరూ దిగొద్దు, పిల్లల్ని తెచ్చేవాళ్లకు మరీ మరీ చెబుతున్నా. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే రోజులివి, తెల్లవారుజామున వచ్చేవాళ్లు ఒడ్డున టార్చిలైట్లు వేయకండి.

నరసాపురం వైపు వెళ్లేవాళ్లు సఖినేటిపల్లి రేవులో పంటు (నది దాటించే పెద్ద పడవ) ఎక్కేయండి, బైకులూ ఎక్కిస్తారు. పులిహోర మా వదినగారు తెస్తున్నారు, మజ్జిగ ఎవరు తెస్తారో రాత్రిలోగా చెప్పండి.